గొట్టమునకుఁ బనిముట్టును బిగించు పట్టు
(సంఘ వార్షిక మహాసభయందుఁ గావింపఁబడిన యుపన్యాసము)



మన కమ్మరి వృత్తిలోఁ జిన్నదిగాఁ గానవచ్చు నొక వస్తువును గూర్చి విన్నవింప నాకు సెలవొసఁగితిరి. అది యినుప గొట్టమునకుఁ బనిముట్టును దాత్కాలికముగా బిగించు పట్టు. దీనినే పనివారు క్లాంపు అందురు. పని జరుగునంతసేపు కదలరాదు. పని ముగిసినంతనే యూడి రావలెను. ఈ రెంటిని సాధించుటయే దీనియందలి నేర్పు.

నేను పని నేర్చుకొను కాలమున నొక నిలువు గొట్టమునకు డ్రిల్లును బిగించుటకై పట్టు చేసితిని. దానిని ఒకటిన్నర అంగుళపు గొట్టమందురు గాన, రెండినుప దిమ్మెలను జేర్చి 38 మిల్లీమీటరుల బెజ్జము వేసితిని. అది గొట్టముపై నెక్కలేదు. ఆకురాయితో రాచి రాచి యెక్కించితిని. బోల్టులు బిగిసినవి, గొట్టము మాత్రము బిగియలేదు. డ్రిల్లు రేకులోఁ జిక్కుకొనఁగానే పట్టుతోఁగూడ గిఱ్ఱునఁ దిరిగి, నా తోడివాని మణికట్టును గాయపఱచెను. తప్పు నాది.

గొట్టము పేరు లోపలి రంధ్రమును బట్టి వచ్చినది. పట్టు పట్టుకొనునది వెలుపలి మేనిని. నీటి గొట్టములలో అరయంగుళపు దాని వెలుపలి వ్యాసము 21.3, అంగుళపు దానిది 33.7, ఒకటిన్నర అంగుళపు దానిది 48.3 మిల్లీమీటరులు. కొలముట్టు లేనిచో, మేనికి దారము చుట్టి, యా పొడవును 22/7 చే భాగించినఁ జాలును.

బోల్టులు బిగిసిన పిమ్మటను దిమ్మెల నడుమ సందు మిగులవలెను. అవి యొండొంటిఁ దాఁకినచో, బిగువంతయు వానిమీఁదనే పోవును గాని గొట్టమునకుఁ జెందదు. నా పట్టునకుఁ గలిగిన దోష మిదియే.

పలు పరిమాణముల గొట్టములకు నొకే పట్టు కావలసినచో, ఒకవైపు దిమ్మెకుఁ ద్రికోణపు గాడి చేసి, యెదుటనుండి మరతో నొత్తుఁడు. గొట్టము మూఁడుచోట్ల నానుకొని నిలుచును. పనిముట్టు గొట్టమునకు దూరమైన కొలఁది త్రిప్పుబలము హెచ్చును గాన, దగ్గఱగా నమర్పుఁడు. గొట్టము పలుచనిదైనచో మిక్కిలి బిగింపక, పట్టునే వెడల్పు చేయుఁడు. లేనిచో గొట్టము సొట్టపడును. తేలిక పనిముట్లకు నడుమఁ దోలుముక్క వేసినచో తుత్తునాగపుఁ బూఁత గీఱుకొనదు.

పోషక మహాశయులారా! మా పెద్దలు కొలతలను నోటనే యుంచుకొనిరి. నోట నున్నది కొడుకునకుఁ జేరునేమో గాని, పొరుగు పిల్లవానికిఁ జేరదు. ప్రతి కొలిమిశాల గోడపై నీ కొలతలను వ్రాయింపుఁడు. పని నేర్చుకొను ప్రతి పిల్లవానికి నొక కాలిపరు నిప్పింపుఁడు. దానివలన వాని చేయి నిలుచును. చేయి నిలిచినచోఁ గుటుంబము నిలుచును.