పక్కింట్లో పసిబిడ్డ ఏడిస్తే



మన అఫ్జల్‌గంజ్‌లో ఇళ్ళూ దుకాణాలూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. గోడకవతల పిల్లవాడు ఏడిస్తే మనకి వినిపిస్తుంది. "కన్నవాళ్ళన్నాక ఓ దెబ్బ వెయ్యరా? మనకెందుకమ్మా!" అనుకుంటాం. ఒక్కోసారి అది చిన్న విషయమే. ఒక్కోసారి పిల్లవాడి ప్రాణం మీదికి వస్తుంది. తేడా తెలుసుకోవడం ఎలా?

పిల్లల రక్షణ చూసే ఉద్యోగులు ఒక్క మచ్చ చూసి తీర్పు చెప్పరు. కొన్ని ప్రశ్నలు వేసుకుంటారు. దెబ్బ ఎక్కడుంది? ఆటల్లో పడితే మోకాళ్ళూ మోచేతులూ గీసుకుపోతాయి. వీపు, చెవి, మెడ కమిలి ఉంటే ఆలోచించాలి. చెప్పిన కారణం దెబ్బకి సరిపోతోందా? పాకడమైనా రాని బిడ్డ మెట్లెక్కి పడిందంటే ఎలా నమ్మడం? మళ్ళీ మళ్ళీ జరుగుతోందా? పిల్ల ఎవరిని చూస్తే ముడుచుకుపోతోంది? అడ్డుపడి కాపాడేవారు ఆ ఇంట్లో ఒక్కరైనా ఉన్నారా? వయసు తక్కువైనకొద్దీ అపాయం ఎక్కువ.

ఒక్క మాట. పేదరికం వేరు, క్రూరత్వం వేరు. చిరుగు గౌను చూసి తల్లిని తప్పుపట్టకండి. ఆమెకి కావలసింది సాయం. మేడలో ఉన్నంతమాత్రాన పిల్ల క్షేమమనీ అనుకోకండి.

కన్నవాళ్ళు దగ్గరలేని పిల్లల సంగతి మరీ చూడాలి. ఇక్కణ్ణుంచి నయాపూల్ దాటితే పాతబస్తీ. అక్కడి భవానీనగర్‌లో 2015 జనవరిలో పోలీసులు సోదా చేసి, గాజుల పనిలో మగ్గుతున్న 200 మందికి పైగా పిల్లల్ని విడిపించారు. చాలామంది బీహారు పిల్లలు. ఎక్కడో అడవిలో కాదు, నలుగురూ తిరిగే బస్తీలోనే!

అనుమానం కలిగితే 1098కి ఫోను చెయ్యండి. రాత్రింబవళ్ళు పలుకుతుంది, ఖర్చులేదు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెబితే చాలు. నిజానిజాలు తేల్చడం వాళ్ళ పని. "పిల్లని తల్లినుంచి విడదీస్తారేమో" అని జంకకండి. రక్షణ కోసం తీసుకొచ్చిన పిల్లని 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందుంచాలి. హోములో పెట్టడం చివరి మార్గంగానే ఉండాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. లైంగిక అత్యాచారమైతే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు చెప్పి తీరాలి. సదుద్దేశంతో చెప్పినవారికి చట్టం రక్షణ ఇస్తుంది.

ఫోనుదాకా వెళ్ళేలోపు మనం చేయగలిగిందీ ఉంది. ఆ పిల్ల కనిపిస్తే పలకరించండి. "మా ఇంటికి రామ్మా" అనండి. కష్టమొచ్చిన రోజున ఏ తలుపు తట్టాలో దానికి తెలిసి ఉండాలి.