చూరు నీటి దారి

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లను గూర్చి, మంచినీటి పథకములను గూర్చి, పాఠశాల భవనములను గూర్చి మీరు తరచు వినుచునే యుందురు. ఈనాడు నేను చెప్పదలచిన విషయము వానియన్నిటికంటె చిన్నది. ఇంటి చూరు వెంట అమర్చు దోనెను, ఆ దోనెనుండి వాననీటిని నేలకు దింపు గొట్టమును గూర్చి నాలుగు మాటలు చెప్పెదను. ఇంతదానికి ఒక ఉపన్యాసమా యని మీలో కొందరికి నవ్వు రావచ్చును. కాని లక్షలు వెచ్చించి కట్టిన పాఠశాల గోడ నెఱ్ఱె విచ్చినప్పుడు, పంచాయతీ కార్యాలయములో రికార్డులు చెమ్మపట్టి చెడినప్పుడు, ఇరుగుపొరుగువారు కఱ్ఱలు పట్టుకొని వీధికెక్కినప్పుడు కారణమేమని విచారించినచో, పెక్కుసార్లు విరిగిన గొట్టపు ముక్కయొకటి బయటపడును. చిన్న వస్తువే యైనను, అది చేయు నష్టము చిన్నది కాదు.

మన నేల తీరు

ఈ జాగ్రత్త ఎల్ల ఊళ్లకును కావలసినదే యైనను, మన ప్రాంతమునకు మరింత ముఖ్యము. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ నున్న పల్లము కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులును, మురుగు కాలువలును తెచ్చిన నీరంతయు అందు చేరును. అది సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటియే దారి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు, ఆ నీరు పిదప కొల్లేటి గ్రామములమీదికి వచ్చుట మీరు చూచియే యున్నారు. నేల వాలు అత్యల్పమగుటచే ఇచ్చట నీరు తొందరగా కదలదు. కావున ఇంటి గోడ మొదట పడిన నీరు గోడ మొదటనే నిలిచిపోవును.

దీనికి తోడు పల్లపు గ్రామములలో నల్లరేగడి భూములు హెచ్చు. రేగడి తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించుకొనిపోవును. గోడ కొక ప్రక్క గొట్టము కారుచు నేల తడియుచుండగా, రెండవ ప్రక్క నేల ఎండియుండినచో, పునాది ఒకచోట పైకి లేచి, వేరొకచోట క్రుంగును. గోడ ఆ లాగుడుకు తాళలేక కిటికీ మూలనుండి ఏటవాలుగా చీలును. ఆ నెఱ్ఱెను సిమెంటుతో పూడ్చిన ప్రయోజనము లేదు. నీటి దారి మార్చనంతవరకు అది మరుసటి యేడు మరల విచ్చుకొనును.

తాడేపల్లిగూడెమునకు ఉత్తరముననున్న మెట్ట గ్రామముల సభ్యులు, మాది ఎఱ్ఱనేల గదా, మాకీ బాధ లేదని తలంపరాదు. అచ్చట నీరు నిలువదు గాని, గొట్టమునుండి ధారగా పడి మట్టిని కోసికొనిపోవును. రెండు మూడు వర్షాకాలములలో పునాది రాయి బయటపడును. పల్లమున ఉబ్బు, మెట్టన కోత. రోగములు రెండైనను మందు ఒక్కటియే.

కప్పుపై పడు నీరెంత?

ఒక చదరపు మీటరు చోటున ఒక మిల్లీమీటరు వాన పడిన ఒక లీటరు నీరగును. నూరు చదరపు మీటర్ల కప్పుగల పాఠశాలపై గంటలో ఏబది మిల్లీమీటర్ల వర్షము కురిసినచో 5,000 లీటర్ల నీరు దిగవలెను. తుపాను దినములలో ఇట్టి వర్షము మనకు కొత్త కాదు. ఆ నీటినంతటిని ఒక గొట్టము మోయలేక పోయినచో, అది దోనె అంచు దాటి గోడపై పడును. గంటకు నూరు మిల్లీమీటర్ల జోరువానను దృష్టిలో నుంచుకొనినచో, నూరు మిల్లీమీటర్ల వ్యాసముగల గొట్టము సుమారు నలుబది చదరపు మీటర్ల కప్పునకు చాలును. పెద్ద భవనమునకు ఒక్క గొట్టముతో సరిపెట్టుట పొదుపు కాదు. రేపటి ఖర్చును నేడే తెచ్చుకొనుట.

పూర్వుల యేర్పాటు

మన పెద్దలు ఈ సంగతి నెరుగనివారు కారు. తాటాకు ఇంటికి దోనె లేదు, గొట్టము లేదు. కాని చూరు గోడను దాటి క్రిందుగా వ్రాలి, నీటిని దూరముగా విడిచెడిది. మండువా లోగిలిలో కప్పులు లోపలికి వాలి, నీరు నడుమనున్న పల్లములో పడి, తూము గుండా వీధిలోనికి పోయెడిది. ఆ తూమును ఏటేట శుభ్రపరచుట ఇంటివారి పనులలో నొకటి. 1865లో మంగుళూరులో బాసెల్ మిషనువారు పెంకుల కర్మాగారము నెలకొల్పిన పిమ్మట ఆ జాతి పెంకులు వ్యాపించి, క్రమముగా మన యిండ్లపైకిని వచ్చినవి. పెంకుటింటికి రేకు దోనెలు అమరినవి. తరువాత డాబాలు వచ్చినవి. డాబాకు చూరు లేదు. చూరు పోయినకొలదిని గోడను కాపాడు భారమంతయు గొట్టముపై పడినది. భారము పెరిగినది; దానిని కనిపెట్టి చూచు అలవాటు మాత్రము పెరుగలేదు.

గొట్టము ఎట్లు చెడును?

మొదటి కారణము చెత్త. వేపాకు, కొబ్బరిపీచు, కాకిగూటి పుల్లలు, పిల్లల బంతి దోనెలో చేరి గొట్టపు నోటిని మూయును. రెండవది అతుకులు. పై గొట్టపు కొన క్రింది గొట్టపు వెడల్పు నోటిలో దిగవలెను. కొన్నిచోట్ల దీనిని తలక్రిందులుగా బిగించుటచే ప్రతి అతుకునుండియు నీరు గోడపైకి చిమ్ముచుండును. మూడవది పట్టీలు. గొట్టమును గోడకు పట్టియుంచు పట్టీ తుప్పుపట్టి ఊడినచో, గొట్టపు బరువంతయు అతుకులపై పడి అవి జారును. నాలుగవది సామగ్రి స్వభావము. ఇనుప గొట్టము గోడవైపునే ముందుగా తుప్పు పట్టును. ముందునుండి చూచిన బాగుగనే కనబడును. ప్లాస్టిక్ గొట్టము తుప్పు పట్టదు గాని, ఏండ్ల తరబడి ఎండకు పెళుసుబారి చిన్న దెబ్బకే పగులును.

మరమ్మతు చేయు విధము

ముందు పరీక్ష చేయవలెను. ఒకరు పైనుండి నాలుగు బిందెల నీరు పోయుచుండగా, వేరొకరు క్రింద నిలిచి చూడవలెను. పోసిన నీరు వెంటనే ధారగా వచ్చినచో గొట్టము బాగున్నది. ఆలస్యముగా, సన్నగా వచ్చినచో అడ్డున్నది. గోడపై తడి మచ్చ కనిపించినచోట అతుకు విడినది. ఇనుప గొట్టమును కఱ్ఱతో మెల్లగా తట్టుచు పోయిన, ఖాళీగానున్నచోట గణగణ మ్రోగును. చెత్త నిండినచోట మొద్దుబారిన చప్పుడగును.

అడ్డు తీయుటకు ఇనుప చువ్వతో పొడువరాదు, గొట్టము చిల్లిపడును. పొడవైన వెదురుబద్దకు గోనెగుడ్డ చుట్టి, పైనుండి దింపి లాగవలెను. ముందుగా చెత్తను చేతితో ఎత్తివేసి, ఆ పిమ్మటనే నీరు పోయవలెను. లేనిచో పైనున్నది లోపలికి పోయి మరింత బిగియును. శుభ్రమైన పిదప గొట్టపు నోటిపై తీగెవల బుట్ట నుంచుట మేలు. వల చదునుగా కాక, బోర్లించిన గిన్నెవలె ఎత్తుగా నుండవలెను. చదును వలపై ఒక్క బాదమాకు పడినను దారి మూసికొనిపోవును.

రేకు దోనెకు చిన్న చిల్లి పడినచో తుప్పును తీగె బ్రష్షుతో గీకి, రెడ్ ఆక్సైడు పూసి, రేకు ముక్కను అతికి మాటు వేయించవలెను. వర్షాకాలము నడుమనైనచో తారు, గుడ్డ కలిపి అతుకుట తాత్కాలికముగా పనికివచ్చును. దానినే శాశ్వతమని విడువరాదు. ప్లాస్టిక్ గొట్టము పగిలినచో పగులుపై బంక పూసిన నిలువదు. చెడిన ముక్కను కోసి, క్రొత్త ముక్కను జోడింపవలెను. పట్టీలను రెండు మీటర్లకు మించని దూరమున వేసి, ప్రతి అతుకు దగ్గర ఒకటి యుండునట్లు చూడవలెను. గొట్టము గోడను తాకక రెండు మూడు సెంటీమీటర్ల ఎడమున్నచో వెనుకప్రక్క ఆరును, రంగు వేయ వీలగును. దోనెకు గొట్టమువైపు మూడు మీటర్లకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలుండవలెను. వాలు లేని దోనెలో నిలిచిన నీటియందు వారము పది దినములలో దోమలు పుట్టును. డెంగీ దోమకు అట్టి కొద్దిపాటి నీరే చాలును.

ఒక హెచ్చరిక. నిచ్చెన యెక్కువారికి తోడుగా వేరొకరు క్రింద పట్టుకొని నిలువవలెను. విద్యుత్తు సర్వీసు తీగెలు గొట్టములను, రేకులను ఆనుకొని పోవుట పెక్కు గ్రామములలో కనబడుచున్నది. తీగె పైపొర చిట్లినచో తడిసిన ఇనుప గొట్టమంతయు ప్రాణాంతకమగును. అట్టిచోట విద్యుత్తు సిబ్బందిచే తీగెను తప్పించిన తరువాతనే గొట్టముపై చేయి వేయవలెను. పదిరూపాయల పట్టీకొరకు ప్రాణము నొడ్డవలదు.

నేల తాకిన తరువాత

గొట్టము నేలవరకు వచ్చినంతమాత్రమున పని తీరినదని తలంచుటయే మనము చేయు పెద్ద పొరపాటు. నీరు గోడను విడిచిపోయినప్పుడే గొట్టము పని ముగియును. గొట్టపు చివర వంపు ముక్క నమర్చి, దాని క్రింద నాపరాతి పలకనో సిమెంటు పలకనో పరచి, అచ్చటినుండి వీధి కాలువవరకు చిన్న సిమెంటు కాలువ కట్టవలెను. గోడ చుట్టును ఒక మీటరు వెడల్పున, బయటికి వాలుండునట్లు గచ్చు చేసినచో రేగడి నేలలో పునాదికి చాల రక్ష. వీధి కాలువ పూడియున్నచో ఈ శ్రమయంతయు వృథా. కావున గొట్టపు మరమ్మతును, కాలువ పూడికతీతను ఒకే పనిగా భావింపవలెను.

కొల్లేటి పరిసరముల పెక్కు గ్రామములలో భూగర్భజలము ఉప్పన. అట్టిచోట కప్పు నీటిని తొట్టిలో నిలువచేసికొనుట తెలివి. 2002 నాటి వాల్టా చట్టము వాననీటి సేకరణను ప్రోత్సహించుచున్నది. తొలివాన నీటిని పక్షుల రెట్టలతోను, దుమ్ముతోను కూడియుండుటచే పారబోసి, తరువాతి నీటిని మాత్రమే పట్టవలెను. తొట్టికి గట్టి మూత యుండవలెను. ఆ నీటిని గిన్నెలు కడుగుటకు, బట్టలుతుకుటకు వాడవచ్చును. శుద్ధి చేయక త్రాగరాదు.

తగవు రాకుండ

అన్నదమ్ములు ఇల్లు పంచుకొని నడుమ గోడ పెట్టుకొందురు. అన్న డాబా వేయును. గొట్టము తమ్ముని దొడ్డివైపు తిరుగును. మొదటి యేడు తమ్ముడు ఓర్చుకొనును. రెండవ యేడు వదినామరదళ్లకు మాటలుండవు. మూడవ యేట వ్యవహారము కోర్టు మెట్లెక్కును. 1882 నాటి ఈజుమెంట్ల చట్టము ప్రకారము, ఇరువది సంవత్సరములు అడ్డులేక, శాంతియుతముగా, హక్కుగా అనుభవించిన సౌకర్యము చట్టబద్ధమైన హక్కుగా పరిణమింపవచ్చును. అందుచే, పోనీలెమ్మని ఊరకుండుటయు మంచిది కాదు, మాటమాత్రముగా ఒప్పుకొనుటయు మంచిది కాదు. క్రొత్త ఇంటి ప్లాను పంచాయతీకి వచ్చినప్పుడే, కప్పు నీరు ఎటు దిగును, ఏ కాలువలో కలియును అని అడుగుడు. ఆనాడు కాగితముపై ఒక గీత గీసిన తీరు తగవు, గోడ లేచిన తరువాత పదిమంది పెద్దమనుష్యులు కూర్చున్నను తీరదు.

పంచాయతీ చేయదగిన పని

రాజ్యాంగ పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు ఉద్దేశింపబడిన 29 విషయములలో సామాజిక ఆస్తుల నిర్వహణ యొకటి. క్రొత్త భవనమునకు శంకుస్థాపన జరుగును, ప్రారంభోత్సవము జరుగును, శిలాఫలకమున పేర్లు చెక్కుదురు. గొట్టము బాగుచేసినవారి పేరు ఎవ్వరును చెక్కరు. అయినను ఆ శిలాఫలకమున్న గోడ నిలుచుట ఈ గొట్టమువలననే సుమా!

కావున ప్రతి పంచాయతీయు ఒక పుస్తకము తెరువవలెనని నా మనవి. పాఠశాల, అంగన్‌వాడీ, ఆరోగ్య కేంద్రము, సచివాలయము, పంచాయతీ కార్యాలయము — ఒక్కొక్క భవనమునకు ఎన్ని గొట్టములున్నవి, ఏది యెట్లున్నది, ఏనాడు చూచితిరి, ఏమి చేయించితిరి అని అందు వ్రాయవలెను. ఏటికి రెండుసార్లు చూచిన చాలును. రోహిణీ కార్తెలో, తొలకరికి ముందు ఒకసారి. హస్త కార్తెలో, తుపానుల కాలమునకు ముందు మరియొకసారి. వార్డు సభ్యుడొకరు, పంచాయతీ కార్యదర్శి, ఊరి తాపీపనివాడు కలిసినచో ఒక్క పూట పని. వ్రాసిన పుస్తకమును గ్రామసభలో చదివి వినిపింపుడు. ప్రజలు తమ యిండ్ల గొట్టములవైపుకూడ తలయెత్తి చూతురు.

సోదరులారా! కొల్లేటిని మనము లోతు చేయలేము, ఉప్పుటేరును వెడల్పు చేయుట ఒక్క పంచాయతీకి శక్యము కాదు. తుపానును ఆపుట అసలే మన చేతిలో లేదు. కాని మన బడి కప్పుపై పడిన నీరు బడిగోడను విడిచి కాలువలోనికి పోవునట్లు చేయుట పూర్తిగా మన చేతిలోనిదే. ఈ తరగతులు ముగిసి మీరు ఊరు చేరిన పిమ్మట, మొట్టమొదట పాఠశాలకు పొండు. నాలుగు బిందెల నీరు పోయించి, క్రింద నిలిచి చూడుడు. నీరు ఎక్కడికి పోవుచున్నదో కనుగొన్ననాడే పని సగము అయినట్లు. తక్కిన సగము తొలకరిలోగా ముగింతురుగాక.