పరీక్షకూ చికిత్సకూ నడుమ



ఆసుపత్రికి రోగి తనంతట తాను వస్తాడు. సామాజిక ఆరోగ్య సేవ మాత్రం తాను రోగినని అనుకోని మనిషి దగ్గరకు, లేదా రోగినని తెలిసీ ఆ మాట పైకి చెప్పుకోలేని మనిషి దగ్గరకు తానే నడిచి వెళ్లాలి. ఏ బాధా లేని వ్యక్తిని పరీక్షించి, క్యాన్సర్‌ను గానీ దానికి ముందు దశలో వచ్చే మార్పును గానీ పసిగట్టడాన్ని ముందస్తు పరీక్ష లేదా స్క్రీనింగ్ అంటారు. మద్యానికీ పొగాకుకూ మత్తుమందుకూ బానిసైన మనిషి దాన్ని మాని, మానిన స్థితిలో నిలదొక్కుకునేదాకా అందించే తోడ్పాటును వ్యసన విముక్తి సేవ అంటారు. పాఠ్యపుస్తకాలు ఈ రెండింటినీ వేరువేరు అధ్యాయాలుగా బోధిస్తాయి. ఊళ్లలో మాత్రం ఇవి ఒకే ఇంట్లో, చాలాసార్లు ఒకే మనిషిలో కలిసి ఉంటాయి. అవి విఫలమయ్యే చోటు కూడా ఒక్కటే, అది మొదటి అడుగుకూ తరువాతి అడుగుకూ మధ్య ఉన్న ఖాళీ.

ఈ సంగతికి తెలుగు నేల మీదే బలమైన సాక్ష్యం ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటి లోపల ఉంచుకుని పీల్చే అలవాటు తరతరాలుగా సాగుతోంది. అడ్డపొగ అని పిలిచే ఈ అలవాటు మగవారిలో కన్నా ఆడవారిలో ఎక్కువ. నిప్పు వేడీ పొగా నేరుగా అంగిలిని తాకడం వల్ల అక్కడి పొర తెల్లబారి మందమవుతుంది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు తేలతాయి, కొందరిలో అదే చివరకు పుండుగా, క్యాన్సర్‌గా మారుతుంది. ప్రపంచంలో ఇతర చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ కోస్తాంధ్రలో ఇంతగా ఉండటానికి ఈ అలవాటే కారణమని డి.జి. రెడ్డి, వి.కె. రావు 1957లోనే వైద్య పత్రికలో రాశారు. ఆ తరువాతి దశాబ్దంలో శ్రీకాకుళం జిల్లా గ్రామాలలో పది వేల మందికి పైగా నోళ్లు పరీక్షించినప్పుడు నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవారే కనిపించారు. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫాలీ మెహతా, ప్రకాశ్ గుప్తా, డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్ తదితరులు శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాలలో పొగాకు వాడే 36 వేల మందికి పైగా జనాన్ని ఇంటింటా గుర్తించి, ఐదేళ్ల పాటు ఏటా వారి నోరు చూస్తూ, ఆ చూసిన పూటే పొగాకు మానమని నచ్చజెబుతూ వచ్చారు. పొగాకు మానిన వారి సంఖ్య, ఇటువంటి బోధ అందని పూర్వపు బృందంతో పోలిస్తే, చెప్పుకోదగినంత పెరిగిందనీ, నోటిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే తెల్లమచ్చలు కొత్తగా పుట్టడం తగ్గిందనీ 1986లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఫలితాలు తెలిపాయి.

ఆ అధ్యయనంలో ఖరీదైన యంత్రమేదీ లేదు. పరీక్షించిన చేయీ మాన్పించిన మాటా ఒకే సందర్శనలో కలిశాయి, మరుసటి ఏడు మళ్లీ అదే గడప తొక్కాయి. దాని బలమంతా ఆ మళ్లీ రావడంలోనే ఉంది. నేటి ప్రభుత్వ ఏర్పాటులో క్యాన్సర్ పరీక్ష ఆరోగ్య శాఖ కింద, వ్యసన విముక్తి కేంద్రాలలో అధిక భాగం సామాజిక న్యాయ శాఖ నిధుల కింద నడుస్తున్నందువల్ల, రోజూ తాగి, ఖైనీ నమిలే ఒక హమాలీ రెండు శాఖల కాగితాలలో ఇద్దరు మనుషులుగా నమోదై, ఏ ఒక్కరి బాధ్యతా కాకుండా పోయే అవకాశం ఎక్కువగా ఉంది. మద్య పానీయాలను క్యాన్సర్ కారకాలుగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే ప్రకటించింది. పొగాకూ మద్యమూ ఒకే నోటిలో కలిసినప్పుడు ముప్పు కూడికగా కాక గుణకారంగా పెరుగుతుంది. కాబట్టి ఆ హమాలీని తాగుడు మాన్పించడం కూడా క్యాన్సర్ నివారణే.

దేశంలో 30 నుంచి 65 ఏళ్ల వయసు గల ప్రతి ఒక్కరికీ నోటి క్యాన్సర్‌కు, స్త్రీలకు అదనంగా రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ఐదేళ్లకొకసారి పరీక్ష జరగాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు 2016 నుంచి చెబుతున్నాయి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి వయసు, పొగాకు, మద్యం అలవాట్లు, కుటుంబంలో ఎవరికైనా ఉన్న జబ్బులు అడిగి, టేపుతో నడుము కొలిచి, ఒక పత్రం నింపుతుంది. అందులో నాలుగుకు మించి మార్కులు వచ్చిన వారిని ముందుగా ఆరోగ్య ఉపకేంద్రానికి రప్పించాలి. అక్కడ జరిగే పరీక్షలు చాలా మామూలువి. నోటిని మంచి వెలుతురులో చూసి, బుగ్గల లోపలి వైపు తడిమి, తెరిచిన నోటిలో మూడు వేళ్లు నిలువుగా పట్టకపోతే గుట్కా, వక్క నమలడం వల్ల లోపలి పొర బిగుసుకుపోతోందని అనుమానించాలి. గర్భాశయ ముఖద్వారానికి సిర్కా వాసన వచ్చే పలుచటి అసిటిక్ ఆమ్లాన్ని దూదితో అద్ది, ఒక నిమిషం ఆగితే, తేడా వచ్చిన కణాలున్న మేర తెల్లగా పైకి తేలుతుంది. వియా అని పిలిచే ఈ పరీక్షను తర్ఫీదు పొందిన నర్సు చేయగలదు. ఆ మచ్చ చికిత్సకు తగినదైతే, వేడిచేసిన చిన్న లోహపు కొసతో ఆ భాగాన్ని నిమిషం లోపే మాడ్చివేయవచ్చు, చాలామందికి మత్తు కూడా అవసరం కాదు. ఏళ్ల తరబడి మెల్లగా ముదిరే ఒక క్యాన్సర్‌ను పుట్టకముందే ఆపే ఈ చిన్న పనిని వైద్యశాస్త్రపు గొప్ప విజయాలలో ఒకటిగా చెప్పుకోవడంలో అతిశయోక్తి లేదు.

దీని ఫలితం రుజువైనదే. ముంబై మురికివాడలలో ఆరోగ్య కార్యకర్తలు వియా పరీక్ష చేసిన స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని టాటా మెమోరియల్ ఆసుపత్రి 2014లో చూపింది. తిరువనంతపురంలో నోటి పరీక్ష వల్ల పొగాకు, మద్యం వాడేవారిలో నోటి క్యాన్సర్ మరణాలు మూడో వంతు మేర తగ్గినట్టు 2005లో తేలింది. రొమ్మును చేతితో పరీక్షించే పద్ధతి ముంబైలోనే 50 దాటిన స్త్రీలలో మరణాలను తగ్గించింది గానీ అంతకన్నా చిన్నవారిలో అంత స్పష్టమైన మేలు చూపలేదు. ఈ తేడాను దాచకుండా చెప్పడం నేడు పట్టాలు అందుకుంటున్న వైద్య, నర్సింగ్, ప్రజారోగ్య, సామాజిక సేవా పట్టభద్రుల విధి. వియాకు కూడా పరిమితులున్నాయి: 50 దాటాక మార్పులు జరిగే చోటు లోపలికి జరిగిపోతుంది గనుక అది నమ్మదగినది కాదు, అందుకే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హ్యూమన్ పాపిలోమా వైరస్‌ను నేరుగా పట్టే పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు మేలైనదిగా సూచిస్తోంది, నమూనాను స్త్రీ తానే తీసుకోగలగడం దాని అదనపు సౌలభ్యం. ఇన్ని ఉన్నా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు, రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు ఒక్కరు కూడా లేరు.

ఈ అంకెలను చూసి పరీక్షా శిబిరాలు పెంచితే చాలునని అనుకోవడం సులువు. శిబిరంలో నోటిలో తెల్లమచ్చ కనిపించిన ఒక మత్స్యకార మహిళకు ఆ తరువాత ఏం జరుగుతుందో గమనించినప్పుడు ఆ సులువు మాయమవుతుంది. చీటీ పట్టుకుని ఆమె జిల్లా ఆసుపత్రికి, అక్కడ ముక్క పరీక్ష, అంటే బయాప్సీ, కుదరకపోతే విశాఖ సమీపాన అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాలి. ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చేవారి కూలి మరొకటి పోతుంది, రిపోర్టు కోసం మళ్లీ వెళ్లాలి, ఏ కౌంటరు దగ్గర నిలబడాలో చెప్పేవారు ఉండరు. పైగా ఆమెకు నొప్పి లేదు. బాగానే ఉన్నాను కదా అన్న మాట ఆమె నోట రావడంలో అజ్ఞానమేమీ లేదు. ఆమెకు కనిపిస్తున్నంత మేరకు అది నిజం. ప్రభుత్వ ఆరోగ్య పథకం ముదిరిన జబ్బుకు చికిత్స ఖర్చు భరిస్తుంది గానీ, ముదరకముందు ఆమెను బస్సెక్కించే మనిషిని ఇవ్వదు. ఆ మనిషి లేని చోట పరీక్ష చేయడం ఆమెకు భయాన్ని అంటగట్టి వదిలేయడమే అవుతుంది.

వ్యసనం విషయంలో ఇదే ఖాళీ ప్రాణం మీదికి తెస్తుంది. తెలంగాణ జిల్లాలలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మత్తు పదార్థాలు కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడిన వేలమందికి 2015లో ఎక్సైజ్ దాడుల వల్ల ఒక్కసారిగా అది అందకుండా పోయినప్పుడు, వణుకు, మూర్ఛలు, లేనివి కనిపించడం, వింత ప్రవర్తనతో జనం ఆసుపత్రుల ముందు బారులు తీరారు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం అందక హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలకు అదే తీరున తాకిడి పెరిగింది. ఏళ్లుగా మత్తుకు అలవాటైన మెదడు అది అందకపోవడంతో తిరగబడటాన్ని విరమణ లక్షణాలు అంటారు. అతిగా తాగేవారిలో మానిన రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య ఇవి తీవ్రమై, సన్నిపాతంగా మారి, వైద్యం అందకపోతే ప్రాణం తీయగలవు. తగిన మందులతో, బీ1 విటమిన్‌తో, కొన్ని రోజుల పర్యవేక్షణతో వీటిని చాలావరకు దాటించవచ్చు. కాబట్టి సరుకు ఆపడం ఎంత న్యాయమైనా, మానేవారికి మంచం సిద్ధం చేయకుండా ఆపడం వైద్యపరంగా ప్రమాదకరం.

నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల నుంచి లేచిన స్త్రీలు సారా దుకాణాన్ని మూయించి, ఆ ఉద్యమాన్ని రాష్ట్రమంతటా వ్యాపింపజేసి, 1993 అక్టోబరులో సారా నిషేధాన్నీ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధాన్నీ సాధించారు; 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. తెలుగు స్త్రీలు ప్రజారోగ్యానికి చేసిన ఇంతటి మేలు మరొకటి అరుదు. వారు తమ వంతు చేశారు. మానిన మగవాడిని ఏడాది పొడవునా కనిపెట్టుకునే వైద్య ఏర్పాటు మాత్రం అంతటి వేగంతో ఊళ్లలోకి రాలేదు. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ సర్వే 2019లో తేల్చింది. ఆ ఒక్కరు కూడా మళ్లీ తాగితే, చికిత్స వృథా అయిందని ఇల్లూ ఊరూ తీర్పు ఇస్తాయి. మధుమేహ రోగికి చక్కెర పెరిగితే ఏ వైద్యుడూ తలుపు మూయడు; వ్యసనం కూడా తిరగబెట్టే స్వభావమున్న దీర్ఘకాలిక జబ్బే గనుక, మళ్లీ తాగిన రోజు అతడికి తలుపు మరింత బార్లా తెరవాలి. ఆల్కహాలిక్స్ అనానిమస్ వంటి స్వయం సహాయక బృందాలు ఈ సత్యాన్ని ఆచరణలో పెట్టాయి. టెలీ మానస్ 14416, మత్తు విముక్తి 14446 నంబర్లు ప్రతి ఉపకేంద్రం గోడ మీదా ఉండాలి.

ఊళ్లలో మరొక అలవాటును కూడా పట్టభద్రులు ఎదుర్కోవలసి ఉంటుంది: విసిగిపోయిన కుటుంబాలు మందు మాన్పించే మాత్రను తాగేవాడికి తెలియకుండా కూరలోనో మజ్జిగలోనో కలుపుతాయి. డైసల్ఫిరామ్ అనే ఆ మందు వాడుతున్న మనిషి తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. ఆ భార్య, ఆ తల్లి పడిన బాధ అర్థం చేసుకోదగినదే, ఆ మార్గాన్ని మాత్రం ఏ వైద్యుడూ ఒప్పుకోరాదు. సమ్మతి లేని మేలు నిలవదనడానికి ఖమ్మం జిల్లా మరొక ఉదాహరణ. 2009లో అక్కడ 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హ్యూమన్ పాపిలోమా వైరస్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు, హాస్టళ్లలో ఉన్న ఎందరో గిరిజన బాలికల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారని బయటపడి, 2010లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ కాలంలో జరిగిన బాలికల మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో రుజువు కాలేదు, టీకా సురక్షితమనీ ఫలవంతమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయినా, అడగకుండా వేసిన సూది పోగొట్టిన నమ్మకాన్ని ఆ వాస్తవం ఒక్కటే తిరిగి తేలేకపోయింది.

ఈ బరువంతా ఇవాళ ఆశా కార్యకర్త భుజాల మీద ఉంది. నింపిన పత్రాల సంఖ్యను బట్టి ఆమె పనిని కొలుస్తున్నంత కాలం పత్రాలే నిండుతాయి. జిల్లా సమీక్షలలో ఎందరిని పరీక్షించారన్న ప్రశ్న స్థానంలో, అనుమానితులలో ఎందరు చికిత్స పూర్తి చేశారు, తాగుడు మానిన వారిలో ఎందరిని ఆరు నెలల తరువాత పలకరించారు అన్న ప్రశ్న రావాలి. ఆ ప్రశ్న అడిగే అధికారం రేపు ఈ పట్టభద్రులకే దక్కుతుంది. వైద్యాధికారిగానో, నర్సుగానో, కౌన్సెలర్‌గానో కొలువులో చేరిన తొలి నెలలోనే ప్రతి ఒక్కరూ తమ కేంద్రంలోని రిజిస్టరు తెరిచి, గత ఏడాది అనుమానితులుగా నమోదై పై ఆసుపత్రికి చేరని వారి పేర్లు రాసుకుని, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఆ ఇళ్లకు వెళ్లాలని ఈ స్నాతకోత్సవ సభ వారిని కోరుతోంది.