మిగిలిన ఆటల లెక్క

పల్లికాయ ఇంకను చేనిలో నుండగనే ఎన్ని సంచులు వచ్చునో లెక్క వేయని రైతు మా జడ్చర్ల ప్రాంతమున ఉండడు. చెట్టు పచ్చగా నున్ననాడు ఒక లెక్క. ఒక వాన తప్పిననాడు మరియొక లెక్క. తుదకు బాదేపల్లి మార్కెట్టులో కాంటాపై తూగినదే నిజమైన లెక్క. అయినను ఆ ముందు లెక్కలు వ్యర్థములని ఎవ్వరును అనరు. ఆ లెక్కలే రైతును పంట చేతికి వచ్చువరకు నిలబెట్టును.

ఫుట్‌బాల్ అభిమానులమైన మేమును ఇట్టి లెక్కలే వేయుచుందుము. 2024వ సంవత్సరము మార్చి నెలాఖరున మా మిత్రబృందము బస్సుస్టాండు సమీపమున నున్న చాయి హోటలులో సాయంకాలములందు కూడుకొనుచుండెను. బల్లపై ఒక కాగితము. దానికి నడుమ నిలువుగా ఒక గీత. ఒక ప్రక్క కలకత్తాకు చెందిన మొహమ్మడన్ స్పోర్టింగ్, రెండవ ప్రక్క మన హైదరాబాదులో ఆడుచుండిన శ్రీనిధి డెక్కన్. ఏ జట్టుకు ఎన్ని ఆటలు మిగిలినవి? ఎవరితో? ఎక్కడ? ఇదియే మా విచారణ.

ఈ ఆటను ఎరుగని శ్రోతలు ఇంత ఆతురత ఎందుకని అడుగవచ్చును. ఆ యేడు ఐ-లీగులో పదమూడు జట్లు ఉండెను. ప్రతి జట్టును మిగిలిన పండ్రెండింటితో రెండేసి మారులు, అనగా 24 ఆటలు ఆడవలెను. గెలుపునకు 3 పాయింట్లు, సమముగా ముగిసిన ఆటకు 1 పాయింటు, ఓటమికి సున్న. అన్నిటికంటె మిన్నగా నిలిచిన జట్టు పై మెట్టయిన ఇండియన్ సూపర్ లీగులో ప్రవేశము పొందును. ఆ పై లీగు 2014లో మొదలైనది. కాని క్రింది జట్టు ఆటలో గెలిచి పైకి ఎక్కుటకు ద్వారము తెరువబడినది 2023లో మాత్రమే. ఆ ద్వారమైనను ఒక్కరు పట్టునంతటిది. రెండవ స్థానమునకు ప్రశంస కలదు గాని ప్రవేశము లేదు.

మిగిలిన ఆటలను లెక్కించుటకు ఒక పద్ధతి యున్నది. మొదట ఆ జట్టుకు రాగల గరిష్ఠ సంఖ్యను తెలిసికొనవలెను. నలుబది పాయింట్లున్న జట్టుకు మూడు ఆటలు మిగిలినచో, అన్నియు గెలిచినను నలుబది తొమ్మిదిని మించదు. తరువాత ఎదుటివాని మిగిలిన ఆటలను చూడవలెను. మూడవది స్థలము. కాశ్మీరపు చలిలో, మిజోరం కొండలలో, షిల్లాంగు మైదానమున ఆడి గెలుచుట ఇంటి ముంగిట గెలుచుట వంటిది కాదు. నాలుగవదియు, మేము తరచు మరచునదియు ఏమనగా, ప్రత్యర్థులిరువురును ఒకరితో నొకరు తలపడు ఆట రెండింతల బరువు గలది. అచట గెలిచినవాడు తాను మూడు పొందుటయే గాక ఎదుటివానికి మూడు దక్కకుండ చేయును.

ఇంత శాస్త్రము తెలిసియు మా కాగితముపై పక్షపాతము దాగెడిది కాదు. మా జట్టు ఆటలన్నిటికిని ముందుగనే మూడేసి వ్రాసికొంటిమి. మొహమ్మడన్ ఆటలకు మాత్రము 'ఇచట సమముగా ముగియవచ్చును, అచట ఓడవచ్చును' అని ఉదారముగా పంచితిమి. మా పెద్దలలో ఒకరు నవ్వి, "అప్పులవానికి వడ్డీ లెక్క, మనకు అసలు లెక్కయా?" అనిరి.

ఏప్రిల్ 6వ తేదీన కాంటా తూగినది. నాడు మొహమ్మడన్ షిల్లాంగులో లజాంగ్ జట్టుతో ఆడెను. మొదటి నిమిషముననే గోలు చేసెను. లజాంగ్ దానిని సమము చేయగా మా హోటలులో చాయి మరల పోయబడెను. కాని రెండవ సగమున రష్యా దేశీయుడైన కొజ్లోవ్ గోలు చేయగా ఆట 2-1తో ముగిసినది. మొహమ్మడన్‌కు 52 పాయింట్లు వచ్చెను. ఇక శ్రీనిధి మిగిలినవన్నియు గెలిచినను అందుకొనజాలదు. మేము కాగితమును మడిచితిమి.

లీగు ముగిసిన తరువాత ఆ కాగితమును మరల విప్పి చూచితిమి. శ్రీనిధికి 48 పాయింట్లు: 14 గెలుపులు, 6 సమములు, 4 ఓటములు. అంతకు ముందు సంవత్సరమును మన జట్టు రెండవదే. అప్పుడు పంజాబుకు 52, మనకు 42. దానికి ముందు 2021-22లో మూడవ స్థానము. పది పాయింట్ల దూరము ఒక్క యేట నాలుగునకు తగ్గినది. సమముగా ముగిసిన ఆ ఆరింటిలో రెండు గెలుపులైయున్నచో 52తో సరితూగియుండెడివారము. ఆ రెండు ఆటలు ఎవ్వరును లెక్క వేయని నాళ్లలో జారిపోయినవై యుండవచ్చును. చివరి ఆటలపై కన్నులు కాయలు కాచునట్లు చూచిన మేము, తొలి ఆటలను పట్టించుకొననే లేదు. విత్తనము వేసిననాడు చేనివైపు పోక, కోతనాడు ఆకాశమును తిట్టినట్లయినది.

మాకు బాధ కలిగించిన సంగతి మరియొకటి కలదు. అదే 2023-24లో పై లీగునందు మన నగరపు మరియొక జట్టు హైదరాబాద్ ఎఫ్.సి. 22 ఆటలలో ఒక్కటే గెలిచి, 8 పాయింట్లతో అట్టడుగున నిలిచెను. ఆ జట్టే 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఆ లీగును గెలిచినది! రెండేండ్లలో శిఖరము నుండి అడుగునకు చేరెను. అయినను క్రిందికి దిగవలసిన నియమము లేనందున పైననే ఉండెను. క్రింది మెట్టున రెండవదిగా నిలిచిన జట్టు క్రిందనే ఉండెను. తుదకు 2025లో హైదరాబాద్ ఎఫ్.సి. ఢిల్లీకి తరలి పేరు మార్చుకొన్నది. నాడు ఆ పాయింట్ల పట్టికనుండి హైదరాబాదు పేరు తొలగిపోయినది.

ఇది సామాన్యమైన నగరమునకు జరిగియున్నచో అంతగా విచారింపము. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుమారులు బొంబాయి రోవర్స్ కప్పును తెచ్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఈ నగరముది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్కులలో భారతజట్టును నాలుగవ స్థానమున నిలిపి, 1962లో జకార్తా ఏషియా క్రీడలలో స్వర్ణము గెలిపించిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఇచటివాడు. ఆ జకార్తా జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టినవాడు. దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన ఆ వార్తను బాల్యమున రేడియోలో విన్న పెద్దలు మా హోటలు బల్లవద్ద నేటికిని ఉన్నారు.

ఇంగ్లండులో రెండవ శ్రేణి లీగునందు మొదటి రెండు జట్లును నేరుగా పైకి పోవును. తరువాతి స్థానములలోని కొన్ని జట్లకు 1987 నుండి వేరుగా పోటీ పెట్టి, అందు గెలిచిన దానికి మూడవ చోటు ఇచ్చుచున్నారు. అందుచేత అచట ఆరవ స్థానముననున్న ఊరి అభిమానులకు కూడ చివరి వారమువరకు కాగితమును మడువవలసిన పని లేదు. పైనున్నవారికి దిగుదుమను భయము, క్రిందనున్నవారికి ఎక్కుదుమను ఆశ, ఈ రెండును కలిసినప్పుడే లీగులో ప్రతి ఆటకును విలువ కలుగును. మేము కోరునది దయ కాదు. రెండవవానికి పరీక్ష వ్రాయు అవకాశము. పై లీగులో చివరి జట్టును, క్రింది లీగులో రెండవ జట్టును ఒకచోట నిలిపి ఆడింపుడు. ఓడినచో మారుమాటాడక ఇంటికి పోయెదము.

జడ్చర్ల నుండి హైదరాబాదు మిక్కిలి దూరము లేదు. ఇచటి మైదానములలో సాయంకాలము బంతి తన్ను పిల్లవానికి ఆ దూరము దూరము కాదు. నిచ్చెనకు నడుమ మెట్టు లేకపోవుటయే అతనికి దూరము. మెట్టున్నచో ఎక్కుట ఎట్లో వాడే నేర్చుకొనును. అంతవరకు మేము ప్రతి యేడును కొత్త కాగితము తీసి నడుమ గీత గీయుదుము. ఈమారు మాత్రము మొదటి ఆటనుండియే లెక్క వ్రాయుదుము.