మనసుకు తట్టినదంతా నిజమేనా?



"ఆలస్యం అమృతం విషం" అన్నారు పెద్దలు. "నిదానమే ప్రధానం" అన్నదీ ఆ పెద్దలే. ఈ రెండింటిలో దేన్ని ఎప్పుడు పాటించాలో మాత్రం చెప్పిపోలేదు. పాలు పొంగుతున్నప్పుడు నిదానం పనికిరాదు, పిల్లకి సంబంధం చూసేటప్పుడు తొందర పనికిరాదు. అంతవరకూ మనకి తెలుసును. చిక్కల్లా ఆలోచించుకోవడానికి క్షణం వ్యవధి లేని చోట మనసుకి చటుక్కున ఏదో తట్టినప్పుడే వస్తుంది. అలా తట్టినదాన్ని నమ్మాలా, వద్దా? ఈవేళ ఆ సంగతి కొంచెం ముచ్చటించుకుందాం.

మన ఆడవాళ్ళకి ఆరో ఇంద్రియం ఒకటి ఉందంటారు. మగవారికి మనల్ని మెచ్చుకోవాలనిపించినప్పుడు ఆ మాట అంటారు. విసుగొచ్చినప్పుడు "స్త్రీబుద్ధి ప్రళయాంతకం" అంటారు. నాకైతే రెండు మాటలూ సరిపడవు. ముందుగదిలో కూర్చుని బియ్యం ఏరుకుంటున్నా, పోపు మాడబోతోందని మనకి తెలిసిపోతుంది. బడినుంచి వచ్చిన పిల్లవాడు చెప్పులు విడిచే తీరు చూసి, వాడికి ఒళ్ళు వెచ్చబడేట్టుందని అనిపిస్తుంది. చెయ్యి వేసి చూస్తే నిజంగానే కాలుతూంటుంది. ఇందులో మహిమ ఏమీ లేదు. ఆ ముక్కు వేలసార్లు పోపు వాసన చూసింది. ఆ కళ్ళు ఆ పిల్లవాణ్ణి పుట్టినప్పటినుంచీ చూస్తున్నాయి.

మన శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు సంగతి మీకు తెలియనిది కాదు. అక్కడ నూలు వడికే ఆడవాళ్ళ దగ్గర కాసేపు కూర్చుంటే ఈ విషయం చక్కగా బోధపడుతుంది. దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ళలోంచి లాగితే నలకలు పోయి పీచు సాపు అవుతుంది. తరవాత ఏకులు చేసి, రాట్నంమీద నూరో నంబరు, అంతకన్న సన్నం నూలు తీస్తారు. కంటికి ఆనీ ఆనని దారం అది. ఏకు ఎంత లాగాలి, ఎప్పుడు వదలాలి అని ఒకామెని అడిగాను. ఆవిడ రాట్నం ఆపకుండానే నవ్వి, "నాకేటి తెలుసమ్మా, సేతికి తెలిసిపోద్ది" అంది. ఎంత పెద్ద మాట! కాస్త గట్టిగా లాగితే దారం తెగుతుంది, వదులైతే లావెక్కుతుంది. తప్పు జరిగిన ఆ క్షణంలోనే వేళ్ళకి శిక్ష పడుతుంది, అతుకు వేసుకోవాలి. ఏళ్ళ తరబడి రోజూ అలా దిద్దుకున్న వేళ్ళవి. ఇక వాటికి ఆలోచనతో పనిలేదు.

అమెరికాలో హెర్బర్ట్ సైమన్ అని గొప్ప శాస్త్రజ్ఞుడు ఉండేవారు. 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. స్ఫురణ అంటే గుర్తుపట్టడమే తప్ప మరేమీ కాదని ఆయన అభిప్రాయం. ఎప్పుడో చూసినదాన్ని మనసు మళ్ళీ గుర్తుపడుతుంది, కాని ఎక్కడ చూసిందో మనకి చెప్పదు. అందుకే మనకి అది ఆకాశంలోంచి ఊడిపడినట్టుంటుంది.

గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1980ల్లో అగ్నిమాపక దళాల అధికారులను కలుసుకుని, మంటల మధ్య వాళ్ళు నిర్ణయాలు ఎలా తీసుకుంటారో అడిగి తెలుసుకున్నారు. అందులో ఒక అధికారి కథ బాగా ప్రసిద్ధమైంది. ఒక ఇంట్లో వంటగదివైపు మంట లేచింది. ఈయన మనుషులతో లోపలికి వెళ్ళి నీళ్ళు కొట్టించాడు. మంట తగ్గలేదు. మళ్ళీ కొట్టించాడు, తగ్గలేదు. ఉన్నట్టుండి ఆయనకి ఎందుకో కీడు తోచింది. "అందరూ బయటికి పదండి" అన్నాడు. వాళ్ళు వీధిలో పడ్డ కొద్దిసేపటికే వాళ్ళు నిలబడ్డ గది నేల కుప్పకూలింది. అసలు మంట నేలకింద ఉన్న గదిలో ఉంది! తనకి అతీంద్రియ శక్తి ఉందనే ఆ అధికారి చాలాకాలం నమ్మాడట. క్లైన్ కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగితే సంగతి బయటపడింది. చిన్న మంటకి ఉండవలసినదానికన్న గదిలో వేడి ఎక్కువగా ఉంది. అంత వేడికి ఉండవలసిన చప్పుడు మాత్రం లేదు. మంటలతో ఎన్నో ఏళ్ళు గడిపిన మనసు ఆ తేడా పట్టింది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను చూసే నర్సులనూ ఇలాగే అడిగారు. రక్తపరీక్ష ఫలితం రాకముందే "ఈ బిడ్డ బాగులేదు" అని వాళ్ళకి అనిపిస్తుంది. ఎందుకని గుచ్చి గుచ్చి అడిగితే వాళ్ళు చెప్పిన గుర్తుల్లో కొన్ని పుస్తకాల్లో కూడా లేవు.

అలా అని ప్రతి స్ఫురణనీ నెత్తిన పెట్టుకోవచ్చునా? డేనియల్ కానెమన్ అనే మరో నోబెల్ బహుమతి గ్రహీత ఈ స్ఫురణలను బొత్తిగా నమ్మేవారు కాదు. క్లైన్ నమ్మేవారు. ఈ ఇద్దరూ కలిసి కూర్చుని చర్చించుకుని, 2009లో ఒక వ్యాసం రాశారు. వాదించుకోవడానికి కూర్చున్నవాళ్ళు చివరికి ఒక మాటమీదికి వచ్చారు. ఆ పనికి ఒక స్థిరమైన తీరు ఉండాలి, మనం దాన్ని మళ్ళీ మళ్ళీ చేసి, తప్పో ఒప్పో వెంటనే తెలుసుకుంటూ ఉండాలి. అక్కడే స్ఫురణకి విలువ. "నాకు గట్టిగా అనిపిస్తోంది" అన్న ధీమా ఒక్కటే దేనికీ రుజువు కాదు.

ఈ గీటురాయిమీద మన పెళ్ళిచూపులను ఒకసారి రాసి చూడండి. "పది నిమిషాలు కూర్చుంటే చాలు, మనిషి ఎటువంటివాడో నాకు తెలిసిపోతుందండీ" అనే పెద్దమనిషి ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. ఆయన కాదన్న పెళ్ళికొడుకులు తరవాత ఎలా కాపురాలు చేశారో ఆయనకి తెలుసా? ఔనన్న సంబంధం చెడితే అది "జాతకం" మీదికి పోతుంది. తెగిన దారం ఎప్పుడూ ఆయన చేతికి తెలియదు. పొందూరు ఆవిడ వేళ్ళని నేను నమ్ముతాను, ఈయన చూపుని నమ్మను.

ఇంక అసలు ఈ ప్రసంగం ఎందుకు పెట్టుకున్నానో చెబుతాను.

మన విజయనగరానికి దగ్గరలో గొట్లాం ఉంది. 2013 నవంబరు 2వ తేదీ, తెల్లవారితే దీపావళి. సాయంత్రం బొకారో ఎక్స్‌ప్రెస్సులో మంటలు లేచాయని ఒక కేక పుట్టింది. గొలుసు లాగారు, బండి ఆగింది, కంగారుగా దిగారు. అది పక్క లైను. చీకట్లో విజయవాడ–రాయగడ ప్యాసింజరు ఆ లైనుమీద వచ్చింది. కనీసం ఎనిమిదిమంది పోయారు. మంటలన్నది వట్టి వదంతి.

2022 ఏప్రిల్ 11వ తేదీ రాత్రి, పొందూరు ఉన్న ఆ మార్గంలోనే, జి.సిగడాం మండలం బాతువ దగ్గర, గువాహటి వైపు వెళ్ళే ఎక్స్‌ప్రెస్సు ఆగింది. పొగ వచ్చిందన్నారు. దిగి పట్టాలమీద నిలబడ్డవారిని అటునుంచి వచ్చిన కోణార్క్ ఎక్స్‌ప్రెస్సు కొట్టేసింది. ఐదుగురు చనిపోయారు. 2025 జనవరి 22న మహారాష్ట్రలో పాచోరా దగ్గర పుష్పక్ ఎక్స్‌ప్రెస్సులోనూ అచ్చంగా ఇదే. మంటలని కేక, గొలుసు, పక్క లైను. పదిమందికి పైగా పోయారు.

వీళ్ళు తెలివితక్కువవాళ్ళని ఎవరైనా అంటే నేనొప్పుకోను. నిప్పంటే పారిపొమ్మని మనసు చెప్పడం తప్పు కాదు. కాని ఎటు పారిపోవాలో ఆ మనసుకి తెలియదు. పెట్టెలో పొగ అన్నది మనలో చాలామందికి జన్మలో ఒక్కసారి ఎదురయ్యే సంగతి, అసలు ఎదురుకాకనే పోవచ్చు. దానిమీద మనకి అభ్యాసం ఎక్కడిది? అభ్యాసం లేనిచోట మనసు ఊరుకోదు, ఇంకేదో అలవాటుని తెచ్చి అతికిస్తుంది. బండి ఆగితే దిగడం మనకి చిన్నప్పటినుంచీ అలవాటు. దగ్గరున్న తలుపులోంచి దిగడం అలవాటు. ముందు నలుగురు దిగితే "నలుగురితో నారాయణా" అనడం మరీ అలవాటు. స్టేషనులో ఇవన్నీ క్షేమమే. ఊరి బయట చీకట్లో, రెండు లైన్ల మధ్య, ఇవే ప్రాణం తీస్తాయి.

అగ్నిమాపక అధికారుల దగ్గర క్లైన్ చూసిన ఇంకొక విషయం ఇక్కడ పనికొస్తుంది. వాళ్ళు నాలుగు ఉపాయాలు పక్కపక్కన పెట్టి బేరీజు వేసుకోరు, అంత వ్యవధి ఉండదు. మొదట తట్టిన ఉపాయాన్నే తీసుకుంటారు. అయితే చేసేముందు దాన్ని మనసులో ఒకసారి నడిపించి చూస్తారు. 'ఇలా చేస్తే తరవాత ఏమవుతుంది?' అని. దానికి పట్టేది రెండు మూడు క్షణాలు. రైలు మెట్టుమీద కాలు పెట్టినప్పుడు ఆ రెండు క్షణాలు కిందికి చూడాలి. కింద పట్టాలున్నాయా, ఖాళీ నేల ఉందా? పట్టాలుంటే ఎదురు తలుపుకి వెళ్ళాలి. మంట నిజమే అయితే, దిగడానికి ముందు పక్క పెట్టెలోకి నడిచిపోవడం ఎప్పుడూ మంచిది. దిగక తప్పకపోతే పిల్లల చెయ్యి పట్టుకుని పట్టాలకి దూరంగా కట్ట దిగిపోవాలి, పట్టాల మధ్య నిలబడి సామాను లెక్కపెట్టుకోకూడదు. సామాను సంగతి ఎందుకంటున్నానంటే, మన ఆడవాళ్ళం అక్కడే ఆగిపోతాం. విజయనగరంలో బండి ఎక్కి కూర్చోగానే, రెండో లైను ఎటువైపుందో కిటికీలోంచి చూసి పిల్లలకి చూపించండి. రైల్వే సహాయానికి 139 అని నంబరుంది, అదీ చెప్పి ఉంచండి.

ఇప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళకి టెలిఫోను ఒక కొత్త బెడదగా తయారైంది. పోలీసులమంటారు, మీ అబ్బాయి చిక్కుల్లో పడ్డాడంటారు, ఫోను పెట్టెయ్యకుండా డబ్బు పంపమంటారు. వాళ్ళ పెట్టుబడి అంతా మన కంగారే. మా వీధిలో ఒక పెద్దావిడకి ఇలాగే ఫోను వచ్చింది. గుండె దడదడలాడుతున్నా, "మా వాడు నన్ను ఏమని పిలుస్తాడో వాణ్ణడిగి చెప్పు నాయనా" అంది. అవతలివాడు ఫోను పెట్టేశాడు. ఆవిడకి మొదటే ఏదో తేడాగా తోచిందట. తోచినదాన్ని తోసెయ్యకుండా ఒక్క ప్రశ్న వేసింది. ఫోనులోనే అరెస్టు చెయ్యడమన్నది మన చట్టంలో లేదు. ఒకవేళ డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పాలి, ఎంత తొందరగా చెబితే అంత మంచిది.

ఇక మన వంటగది. తెల్లవారుజామున లేచి తలుపు తీస్తే గ్యాసు వాసన వేసిందనుకోండి. ముక్కు ఠక్కున పడుతుంది. అక్కడ స్ఫురణ మంచిదే. అదే క్షణంలో చెయ్యి మాత్రం దీపం స్విచ్చిమీదికి వెళ్తుంది, ఏళ్ళ తరబడి చీకటి గదిలోకి వెళ్ళగానే వేసిన స్విచ్చి కాబట్టి! వెయ్యకూడదు. వెలుగుతున్నది ఆర్పకూడదు కూడాను, రెండిట్లోనూ నిప్పురవ్వ పుట్టవచ్చు. రెగ్యులేటరు కట్టి, తలుపులూ కిటికీలూ బార్లా తీసి, బయటికి వచ్చి 1906కి ఫోను చెయ్యాలి. ఈ గ్యాసు గాలికన్న బరువు, నేలని పట్టుకుని ఉంటుంది, వాసన తగ్గిందని తొందరపడకూడదు. అలాగే మూకుట్లో నూనె అంటుకుంటే చెయ్యి నీళ్ళ చెంబుకి పోతుంది. నీళ్ళు పడితే ఆ నూనె మంట కప్పుదాకా లేస్తుంది. పొయ్యి కట్టి, పైన పళ్ళెం బోర్లించి, అది చల్లారేదాకా ఎత్తకుండా ఉండాలి.

ఇవన్నీ వినడానికి తేలికే, కాని విన్నది చేతికి ఎక్కదు. చెయ్యి చేస్తేనే నేర్చుకుంటుంది. అందుకని స్టవ్ వెలగని వేళ, పగటిపూట, కళ్ళు మూసుకుని సిలిండరు దగ్గరికి నడిచి రెగ్యులేటరు మూసి చూడండి. ఒకటికి పదిసార్లు చెయ్యండి. పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి, వాళ్ళచేతా చేయించండి. మీవారిని కూడా వదలకండి. ఇరవై ఏళ్ళనుంచి ఆ ఇంట్లో అన్నం తింటున్నవారే కదా, రెగ్యులేటరు ఎటు తిప్పితే మూసుకుంటుందో తెలుసునేమో ఈ రాత్రి భోజనాలవేళ అడిగి చూడండి.