తొలి కొలువు



ఉదయమున ఈ గ్రంథాలయమునకు వచ్చు యువకులు మొదట తెరచునది ఉద్యోగ ప్రకటనల పుట. అందు వారిని నిలువరించు వాక్యము ఒక్కటియే: మూడేండ్ల అనుభవము తప్పనిసరి. అనుభవము లేనిదే పని యియ్యరు. పని దొరకనిదే అనుభవము కలుగదు. పెండ్లి అయినగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు అను సామెత ఇట్టివారిని చూచియే పుట్టినది కాబోలు. ఈ చిక్కుముడిని విప్పు మార్గమును విచారించుటయే నేటి ప్రసంగోద్దేశము.

ఈ చిక్కు క్రొత్తది కాదు. నిజాం ప్రభుత్వపు కచేరీలలో ఉమేద్వారు అనువాడు ఒకడుండెడివాడు. ఉమేదు అనగా ఆశ. ఎన్నడైనను ఒక ఖాళీ ఏర్పడకపోదను ఆశతో జీతము లేకుండ మిసిళ్ళు కట్టుచు, నకళ్ళు వ్రాయుచు పని నేర్చెడివాడు. పట్వారీల ఇండ్లలోను అంతే. పిల్లవాడు తండ్రివెంట గట్లమీద తిరిగి, పహాణీ వ్రాయుట చూచి చూచి నేర్చెడివాడు. 1984లో ఆ పద్ధతి రద్దగువరకును అదియే వారి పాఠశాల. కూర్చుండుటకు పీట లభింపకముందే పని చేతికి వచ్చుట అందలి గుణము. ఇక దోషమో? జీతము లేక ఏండ్లకొలది వేచియుండుట ఇంట గాదెనిండ ధాన్యమున్నవానికే చెల్లును. కూలివాని కొడుకునకు ఆశ ఉండవచ్చును గాని ఆగుటకు తిండి ఉండదు. కావున అనుభవము లేదనుట పెక్కు తావుల నేర్పు లేదనుట కాదు. నేర్చుకొనుచు వేచియుండు స్తోమత లేదనుటయే.

ఈ లోపమును కొంత దిద్దిన ఏర్పాటు ఈ ప్రాంతముననే కలదు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా నమోదైన సంస్థ బెల్లంపల్లి, మందమర్రి, రామగుండము ప్రాంతముల వేలకొలది పల్లెవాసులను కార్మికులను గావించినది. నాగలి తప్ప మరియొకటి ఎరుగనివారు అందెట్లు ప్రవేశించిరి? బదిలీ కార్మికులుగా. రానివాని స్థానమున పనిచేయుటయే బదిలీ పని. ఏడాదిలో భూగర్భమున 190 మస్టర్లు, ఉపరితలమున అయినచో 240 మస్టర్లు నిండించినవానిని జనరల్ మజ్దూరుగా స్థిరపరచు పద్ధతి అచ్చట నెలకొన్నది. అనుభవమును తెమ్మని వానిని బయటికి పంపలేదు. కూలి యిచ్చుచు లోపలనే అనుభవమును కూర్చుకొనుమనిరి. గనులలో వృత్తిశిక్షణకై 1966లో నియమములు వెలసినవి. క్రొత్తవానికి ముందు శిక్షణ, పిదప గని అనునది వాని సారము.

అట్లని అనుభవమును కోరుటయే అన్యాయమనరాదు. గనిలో సర్దారు కర్రతో పైకప్పును తట్టి, ఆ శబ్దమును బట్టి రాయి గట్టిగ నున్నదో వదులైనదో గ్రహింపవలెను. ఆ చెవి పుస్తకము చదివినంత మాత్రమున రాదు. పదిమంది ప్రాణములు ఎవని తీర్పుపై నిలిచియున్నవో, వాని ఏండ్లను లెక్కించుట ధర్మము. కాని లెక్కల పుస్తకము వ్రాయు గుమాస్తాకును, అంగడిలో సరకు తూచు కుఱ్ఱవానికిని అయిదేండ్ల అనుభవము కోరుట ధర్మము కాదు. ఎంచుకొను శ్రమను తప్పించుకొను సోమరితనము.

పెద్దలు ఎట్లు ఎంచుకొనిరో భారతమున విరాటపర్వము చెప్పును. అయిదుగురు అన్నదమ్ములును ద్రౌపదియు విరాటుని నగరిలో కొలువునకై వచ్చిరి. వారిలో ఎవరును యోగ్యతాపత్రము తేలేదు. ధర్మరాజు కొలువున పనిచేసితిమనిరి. ఆ ధర్మరాజు ఎచ్చటనున్నాడో లోకమునకు తెలియదు, కనుక విచారించుటకు వీలు లేదు. విరాటుడేమి చేసెను? సహదేవుడు పసుల లక్షణములను చెప్పగా వినెను. బృహన్నలను ఆటపాటలయందు పరీక్షింపజేసెను. పిదపనే పని యొసగెను. పేర్లు మారినవి గాని వారి నేర్పు బొంకు కాదు.

రామాయణమున నలుని కథ ఇంతకంటె చక్కనిది. సముద్రముపై సేతువు కట్టిన అనుభవము ఎవనికుండును? విశ్వకర్మ తనయుడగు నలుడు సమర్థుడని సాగరుడు చెప్పెను. అప్పుడు నలుడు ముందుకు వచ్చి, అడుగనిదే తన గుణములను తాను చెప్పుకొనలేదని విన్నవించెను. ఈ పల్లెలలో ఎందరు నలులు ఎవరును అడుగక మూలనున్నారో!

పరదేశపు ఉదాహరణ మొకటి. మైకేల్ ఫారడే లండనులో పుస్తకములకు అట్టలు కట్టు పనివాడు. కట్టుటకు వచ్చిన పుస్తకములనే చదివి శాస్త్రము నేర్చెను. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసములను విని, తాను వ్రాసికొనినదానిని చక్కగా జిల్దుకట్టి ఆయనకే పంపెను. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సహాయకుడుగా నియుక్తుడయ్యెను. అనుభవము లేదని విలపించుటకు మారుగా చేసిన పనిని చూపెను. అతనికి దారి చూపినవి పుస్తకములే యని ఈ రజతోత్సవమున స్మరించుట ఉచితము.

ఇక కటువైన మాట యొకటి చెప్పక తప్పదు. కరీంనగరము, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల ప్రాంతముల యువకులు ఎందరో గల్ఫు దేశములకు పోవుచున్నారు. ఏజెంట్లలో కొందరు డబ్బు తీసికొని, లేని అనుభవమును కాగితముపై సృష్టించి యిత్తురు. ఎన్నడును పరంజి ఎక్కనివాడు పరంజి కట్టు మేస్త్రీ యగును. అచ్చట ఎత్తున నిలిచినప్పుడు కాగితము కాలిని పట్టుకొనదు. నేర్పు లేదని తేలినచో తక్కువ పనికి త్రోయుదురు, లేదా త్రిప్పి పంపుదురు. చేసిన అప్పు మాత్రము ఇంటనే యుండును. విరాటుని కొలువున పేరు మారినది, నేర్పు నిజము. ఈ కాగితమున పేరు నిజము, నేర్పు బొంకు. రెంటికిని గల భేదమును తల్లిదండ్రులు గుర్తింపవలెను.

సక్రమమైన ద్వారములు లేకపోలేదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము ప్రకారము యువకుడు కర్మాగారమున భృతి పొందుచు పని నేర్చి ధ్రువపత్రము పొందవచ్చును. అప్రెంటిసుకు ఉద్యోగము తప్పక ఈయవలెనని ఆ చట్టము నిర్బంధింపలేదు. అయినను తక్కిన యోగ్యతలు సమానమైనచో శిక్షణ పొందినవానికే ప్రాధాన్యమీయవలెనని 1995లో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ వ్యాజ్యమున తెలిపినది. తండ్రివద్ద మగ్గమో, వడ్రంగమో, తాపీపనియో నేర్చి కాగితము లేనివారికి, వారి నేర్పును పరీక్షించి ధ్రువపత్రమిచ్చు ఏర్పాటు 2015లో ఆరంభమైన కౌశల వికాస యోజనలో చేర్చబడినది.

యువకులారా! దరఖాస్తున లేనిదానిని వ్రాయవలదు, ఉన్నదానిని దాచవలదు. పంటకాలమున బియ్యపు మిల్లులో లెక్క వ్రాసినను, మోటారు విప్పి బాగుచేసినను, సహకార సంఘమున చేయూతనిచ్చినను అది అనుభవమే. ఏ దినమున ఏమి చేసితిరో ఒక పుస్తకమున వ్రాసి ఉంచుడు. వాడుక లేదని పలుకుటకంటె, వారము దినములు పరీక్షించి చూడుమని అడుగుట మేలు. అయితే పని నేర్పుదుమను మిషతో ఏండ్లకొలది కూలి ఎగవేయువానికి లొంగవలదు. ఉమేద్వారుల కాలము గడచిపోయినది.

మిల్లుల యజమానులారా, అంగళ్ళవారలారా! మీయొద్ద ఆరునెలలు పనిచేసినవాడు వెడలునప్పుడు, చేసిన పనియు తేదులును వ్రాసి సంతకము చేసి యిండు. మీకది అరనిమిషపు పని. వానికి తొలి మెట్టు. క్రొత్తవాడు వచ్చినప్పుడు ఎన్నేండ్లు చేసితివని అడుగుటకు ముందు, ఏది చేయగలవో చూపుమని అడుగుడు. మీలో ప్రతివానికిని ఒకనాడు ఎవరో ఒకరు అనుభవమడుగక చేతికి పని యిచ్చినవారే.

ఈ గ్రంథాలయమున ఒక బీరువాను తొలి కొలువు వెదకువారికై కేటాయింపవలెనని కార్యవర్గమునకు మనవి. వృత్తిగ్రంథములు, అప్రెంటిసు ప్రకటనలు, దరఖాస్తుల నమూనాలు అందుండవలెను. ఆదివారమున ఒక గంట, గనిలోనో కర్మాగారములోనో పనిచేసి విరమించిన పెద్దలు అచ్చట కూర్చుండి పిల్లలు అడిగినదానికి బదులు చెప్పవలెను. వారి అనుభవము వారితోనే కాటికి పోరాదు. వచ్చు ఉత్సవమునాటికి ఆ బీరువావద్దనుండి కొలువునకు వెడలినవారు పదిమందియైనను ఈ వేదికపై నిలిచినచో నేటి సభ సార్థకమగును.

స్వస్తి.