ఎనిమిదో రోజు

పట్టాలు అందుకోబోతున్న అమ్మాయిలకూ అబ్బాయిలకూ అభినందనలు. మార్చి నెలలో ఈ నల్ల గౌనులో ఎంత ఉక్కగా ఉంటుందో నాకు తెలుసు, నేనూ వేసుకునే ఉన్నాను. అందుకని ఎక్కువసేపు మాట్లాడను.

ఇలాంటి సభల్లో పట్టభద్రులకు నాయకులు కమ్మని చెప్పడం ఆనవాయితీ. ఆ మాటతో నాకు పేచీ ఉంది. నేను పాథాలజీ డాక్టర్ని. ఉద్యోగమంతా ప్రభుత్వాసుపత్రి బ్లడ్ బ్యాంకులో గడిచింది. మా దగ్గర నాయకులకు కొరత లేదు. పిలిచిన రోజున వచ్చే మనుషులకే కొరత.

మీలో చాలామంది ఫైళ్లలో జాతీయ సేవా పథకం, అంటే ఎన్ఎస్ఎస్ సర్టిఫికెట్ ఉంటుంది. గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో ప్రారంభించిన పథకం అది. రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, మధ్యలో ఏడు రోజుల శిబిరం ఒకటి. ఆ శిబిరం ఎలా నడుస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మొదటి రోజు సర్పంచ్ గారు రిబ్బన్ కత్తిరిస్తారు. బడి ఆవరణలో పిచ్చిమొక్కలు పీకుతారు, ప్లకార్డులు పట్టుకుని వీధుల్లో ర్యాలీ తీస్తారు, ఏడో రోజు శాలువాలు, గ్రూప్ ఫొటో, బస్సు. ఎనిమిదో రోజున ఆ ఊళ్లో ఏం జరిగిందో ఏ నివేదికలోనూ ఉండదు. ఎగతాళికి అనడం లేదు. బోరింగు దగ్గర బిందెల వరస ఎంత పొడుగుంటుందో మీలో కొందరు మొదటిసారి చూసింది ఆ వారంలోనే అయి ఉంటుంది. నేను మాట్లాడాలనుకున్నది ఆ ఎనిమిదో రోజు గురించి.

ఎనిమిదో రోజున కూడా వెళ్లేవాళ్లుంటే ఏమవుతుందో నెల్లూరు జిల్లాలో తెలిసింది, మీ అమ్మమ్మలకు గుర్తుంటుంది. 1990లో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా పేరు తెచ్చుకున్నాక, దేశంలో చాలా జిల్లాలు అదే దారి పట్టాయి. నెల్లూరులో ఆ కార్యక్రమానికి అక్షరదీపం అని పేరు పెట్టారు. జనవిజ్ఞాన వేదికలాంటి సంస్థల వాళ్లు కళాజాతాలతో ఊరూరా తిరిగి పాటలు పాడారు, వీధి నాటకాలు వేశారు. ఊళ్లో నాలుగక్షరాలు వచ్చిన యువతీ యువకులను పోగుచేశారు. ఒక్కొక్కరికి పదిమంది చొప్పున అప్పజెప్పారు. జీతం లేదు. పగలంతా నాట్లకో కలుపుకో పోయి వచ్చిన ఆడవాళ్లు, రాత్రి అన్నాలయ్యాక పలక పట్టుకుని కూర్చునేవాళ్లు. వాళ్లకు తీరిక దొరికేది ఆ వేళలోనే. కాబట్టి చెప్పేవాళ్లూ ఆ వేళకే వెళ్లాలి. తమకు సినిమా ఉన్నా, పరీక్ష ఉన్నా, చలేసినా.

చదువుకోవడానికి అలా రోజూ ఒకచోట కూర్చున్న ఆడవాళ్లు చదువు గురించే మాట్లాడుకుంటారా? కూలి డబ్బులు ఇంటికి చేరడం లేదన్న మాట వచ్చింది. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, అందులో సారా ప్రస్తావన ఉంది. అప్పట్లో సారా ప్రభుత్వం సరఫరా చేసే సరుకే. వారుణి వాహిని అని అందమైన పేరు పెట్టి ప్యాకెట్లలో పోసి ఊరూరికీ పంపించేవాళ్లు. మంచినీళ్లు రాని ఊళ్లకు కూడా అది వేళకు వచ్చేది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు లేచి సారా దుకాణం మూయించారు. ముందు నిలబడిన వర్ధినేని రోశమ్మ పేరు ఆ తరవాత దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఊరి సంగతి తరవాతి వాచకంలో ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠమయింది. కొత్తగా అక్షరాలు కూడబలుక్కుంటున్న వేరే ఊళ్ల ఆడవాళ్లు దాన్ని చదివారు. చదివి ఊరుకోలేదు. 1992లో నెల్లూరులో సారా వేలం పాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు కూడా. గెలుపు ఒకసారి వస్తే ఇక కదలదని మీకు ఎవరైనా చెబితే ఈ తేదీలు గుర్తుచేయండి.

ఈ కథ చెప్పినప్పుడల్లా రోశమ్మను తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. పలకలు సర్దిన ఆ కుర్రాళ్లనూ అమ్మాయిలనూ ఎవరూ తలుచుకోరు. వాళ్లు సారా ఉద్యమం నడపడానికి వెళ్లలేదు. అ, ఆలు చెప్పడానికి వెళ్లారు. ప్రశ్న వేసింది ఆ ఆడవాళ్లే, దారి చూసుకున్నదీ వాళ్లే. వాలంటీర్లు చేసింది రెండే పనులు. రోజూ అదే వేళకు అదే చోటుకి వెళ్లారు. ప్రశ్న వచ్చినప్పుడు ‘ఇది మా సిలబస్‌లో లేదు’ అని లేచిపోకుండా కూర్చున్నారు. రెండోది మొదటిదానికన్నా కష్టం. సారా కంట్రాక్టరు ఊళ్లో పెద్దమనిషి అయినప్పుడు, ఆ పెద్దమనిషికి మీ నాన్న బాకీ ఉన్నప్పుడు ఎంత కష్టమో ఊళ్లో పెరిగినవాళ్లకు తెలుసు.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన చోటికి వస్తాను. బ్లడ్ బ్యాంకులో మాకు రెండే రుతువులు. కాలేజీలు తెరిచి ఉన్న రుతువు, మూసి ఉన్న రుతువు. స్వచ్ఛందంగా రక్తమిచ్చేవాళ్లలో పెద్దభాగం విద్యార్థులు. పరీక్షలై హాస్టళ్లు ఖాళీ అయ్యేసరికి శిబిరాలు ఆగిపోతాయి, మా ఫ్రిజ్‌లో అరలు బయటపడతాయి. కాన్పులకు వేసవి సెలవులు లేవు. హైవే మీద ప్రమాదాలకూ లేవు. సినిమా హీరోలకూ రాజకీయ నాయకులకూ పుట్టినరోజులు వచ్చినప్పుడు మాత్రం మంచాలు చాలవు. అభిమానం మంచిదే, నాకూ అభిమాన హీరో ఉన్నాడు, పేరు చెప్పను. అయితే ఎర్రకణాలను ఎంత జాగ్రత్తగా చూసుకున్నా ఆరు వారాలకు మించి నిలవ ఉంచలేం. ప్లేట్‌లెట్లు అయితే ఐదు రోజులు. ఆగస్టులో పొంగిన అభిమానం మే నెలలో వచ్చిన పేషెంటుకు అందదు. ఒకే రోజున వంద మంది రావడం కన్నా, ఆ వంద మందీ ఏడాది పొడుగునా వారానికి ఇద్దరు చొప్పున రావడం మాకు మేలు. వారానికి ఇద్దరితో ఫొటో బాగా రాదు, అదొక్కటే ఇబ్బంది.

ఒకప్పుడు డబ్బు తీసుకుని రక్తం అమ్మేవాళ్లు ఉండేవారు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి అది ఆగింది. ఆ ఖాళీని నింపాల్సింది మీ వయసువాళ్లే. నింపారు కూడా, కాదనను. ఇప్పుడు కొత్త చిక్కొచ్చింది. ‘అర్జెంట్, ఓ నెగెటివ్ కావాలి, అందరికీ పంపండి’ అన్న వాట్సాప్ సందేశానికి తేదీ ఉండదు, ఆసుపత్రి పేరు సరిగా ఉండదు. పేషెంటు కోలుకుని ఇంటికి వెళ్లిన చాలా కాలానికి కూడా ఆ సందేశం ఊళ్లు తిరుగుతూనే ఉంటుంది, అందులో నంబరు ఇచ్చిన తండ్రి ఫోను మోగుతూనే ఉంటుంది. దేన్నయినా పదిమందికి పంపే ముందు ఆ నంబరుకు ఒకసారి ఫోను చేయండి. అవసరం తీరిపోయిందంటే అక్కడితో ఆపేయండి. ఇదీ సేవే, దీనికి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వరు.

ఒకసారి ఇచ్చిన రక్తంతో తీరని అవసరాలూ ఉన్నాయి. తలసీమియా అనే రక్తవ్యాధి ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. పాలుతాగే వయసులో మొదలైతే జీవితాంతం. ఎక్కించిన రక్తంతో పాటు ఇనుము చేరి గుండెనూ కాలేయాన్నీ పాడుచేస్తుంది, దాన్ని బయటికి పంపడానికి మళ్లీ మందులు. ఇలాంటి బిడ్డకు ప్రతి మూడు నెలలకూ రక్తమిచ్చే కుర్రాడు ఒకరోజు అడుగుతాడు: ‘డాక్టర్ గారూ, అసలిది రాకుండా చేయలేమా?’ చేయొచ్చు. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంది. పెళ్లికి ముందో, గర్భం వచ్చిన తొలి వారాల్లోనో హెచ్‌బీ ఏ2 పరీక్ష చేస్తే వాహకులెవరో తెలిసిపోతుంది. ఈ ప్రశ్న దగ్గరే దానాన్ని దాటి ప్రచారం మొదలవుతుంది. హైదరాబాద్‌లో తలసీమియా సొసైటీని 1998లో స్థాపించినవాళ్లలో ఆ పిల్లల తల్లిదండ్రులున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా చేరాయంటే, ఇలాంటి ఇళ్లవాళ్లు దేశమంతటా ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగితేనే చేరాయి. వాళ్లకు ఉపన్యాసకులు అక్కర్లేదు. అర్జీలు రాసిపెట్టేవాళ్లు, పరీక్ష గురించి పల్లెటూరి ఆశా కార్యకర్తకు అర్థమయ్యేలా చెప్పేవాళ్లు కావాలి.

ఇంకొకటి నేను ప్రతి శిబిరంలోనూ చూసేది. రక్తమివ్వాలంటే హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఉత్సాహంగా వరసలో నిలబడ్డ అమ్మాయిల్లో చాలామందిని ‘ఈసారికి వద్దమ్మా’ అని వెనక్కి పంపాల్సి వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి మించి ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. డిగ్రీ చదివే అమ్మాయిలు దీనికి మినహాయింపు కాదు. రిజెక్టయిన పేర్ల జాబితాను మేం సాధారణంగా చించి పారేస్తాం. అసలు పని ఆ జాబితాలోనే ఉంది. హాస్టల్ మెస్‌లో ఆకుకూర వారానికి ఎన్నిసార్లు పెడుతున్నారు, గుడ్డు కాగితం మీద ఉందా కంచంలో ఉందా, ఐరన్ మాత్రలు ఎవరికి అందుతున్నాయి? ఈ లెక్క తీయాల్సింది ఆ అమ్మాయిలే. మిగతావాళ్లు వాళ్ల పక్కన కూర్చోండి.

ఇక డబ్బు సంగతి. మీలో కొందరు బెంగళూరుకు, కొందరు అమెరికాకు వెళతారు. అక్కడి నుంచి వరదలకో ఆపరేషన్లకో చందాలు పోగుచేస్తారు. మంచి మనసుతో ఇచ్చే డబ్బుకు లెక్క అడగడానికి మొహమాటపడతాం. ఆ మొహమాటం లేని పిల్ల ఒకతి ఉండేది. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా ఖాదీ ప్రదర్శన గుమ్మంలో వాలంటీరుగా నిలబడ్డ పధ్నాలుగేళ్ల పిల్ల, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసింది. టికెట్ కొన్నాకే లోపలికి వదిలింది. ఆ పిల్ల తరవాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయింది. ఆంధ్ర మహిళాసభను కట్టింది, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయింది. మీ చందాల గ్రూపు అడ్మిన్ ఎంత పెద్దవాడైనా బిల్లు అడగండి.

ఒక హెచ్చరిక కూడా. వాలంటీరు అనే పేరు చాటున జీతం ఎగ్గొట్టడం ఈ దేశంలో బాగా అలవాటయింది. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశా కార్యకర్తలను సర్కారు కాగితాల్లో స్వచ్ఛంద సేవకులుగానే రాశారు. వాళ్లు ఇంటింటికీ తిరిగి చేసే చాకిరీ మాత్రం పూర్తి ఉద్యోగమే. మీరు ఉచితంగా చేస్తున్న పని వల్ల ఎవరి కూలి పోతోందో ఒకసారి చూసుకోండి. ఆశాలు వేతనం కోసం రోడ్డెక్కినప్పుడు వాళ్లకు మంచినీళ్లివ్వడం కూడా సేవే.

ఇక్కడున్నవాళ్లలో ఎందరికో తమ ఇంట్లో ఇదే మొదటి డిగ్రీ. ఇంటి మీద అప్పుంటుంది, చెల్లెలి ఫీజు ఉంటుంది. వాళ్లకు నా మాట: ముందు ఉద్యోగం చూసుకోండి. అది స్వార్థమని మిమ్మల్ని చిన్నబుచ్చే హక్కు ఎవరికీ లేదు, ఈ గౌను వేసుకున్న నాకు అంతకన్నా లేదు. కుదిరిన రోజున రండి, వచ్చే రోజేదో ముందే చెప్పండి. వారంలో ఒక సాయంత్రం వస్తానన్న మనిషి వస్తే చాలు. ఏడు రోజులూ వస్తానని రానివాడితో పడే అవస్థ నాకు తెలుసు.

ఈ హాలు బయట వేపచెట్టు కింద ఒక బల్ల, దాని మీద ఒక రిజిస్టరు ఉన్నాయి. మీ పేరు, బ్లడ్ గ్రూపు, ఫోను నంబరుతో పాటు ఏప్రిల్, మే నెలల్లో మీరు ఏ ఊళ్లో ఉంటారో కూడా రాయండి, ఆ గడి మాకు అన్నిటికన్నా ముఖ్యం. ఇవాళ ఎవరి దగ్గరా రక్తం తీసుకోం, మీ ఊరికి దగ్గరి బ్లడ్ బ్యాంకు నుంచి అవసరమైన రోజున ఫోను వస్తుంది. మగపిల్లలు మూడు నెలల లోపు, అమ్మాయిలు నాలుగు నెలల లోపు ఇచ్చి ఉంటే ఆ తేదీ వేయండి. ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వకూడదని గుర్తుంచుకోండి. ఫొటోల హడావిడిలో పొద్దున టిఫిను మానేసినవాళ్లు ముందు వెళ్లి భోజనం చేయండి, పులిహోర అయిపోతోందని ఇప్పుడే కబురొచ్చింది.